సంచిక రాసే అమ్మాయికి: సంఘం ఏది, మందిరం ఏది

చిరంజీవికి,

ప్రభువు నామమున వందనాలు. శతాబ్ది సంచిక రాసే పని పెద్దలు నీకు అప్పగించినందుకు సంతోషించాను. అయితే, నీవు పంపిన అధ్యాయంలో ‘సంఘానికి సున్నం వేయించారు’, ‘సంఘం పైకప్పు కురిసింది’ అన్న వాక్యాలు చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. సున్నం వేసేది మందిరానికి; సంఘమంటే అందులో కూడుకునే మనుషులు.

మన బైబిలు కొత్త నిబంధనలో సంఘమని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాట ఎక్లేసియా. అది మొదట పౌరులు కూడే సభకు పేరు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు నాటకశాలలో కేకలు వేసిన జనసమూహానికి కూడా లూకా ఈ మాటే వాడాడు. పౌలు రోమీయులకు రాస్తూ అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉన్న సంఘానికి వందనాలు చెప్పాడు. ఒకరి ఇంట ఇమిడినది కట్టడం ఎలా అవుతుంది? ‘ఈ బండమీద నా సంఘమును కట్టుదును’ అని మత్తయి 16లో ఉంది కదా అంటావేమో. అక్కడ కట్టేది జనాన్నే. ఆ క్రియను చూసే మనవాళ్లు చాలామంది పొరబడతారు. ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘చర్చి’ కట్టడానికీ జనానికీ కూడా చెల్లుతుంది కాబట్టి, సందేహం వచ్చినప్పుడు ఆ మాటలో తలదాచుకోకు.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. మెదక్ కెథడ్రల్ ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. అక్కడి విశ్వాసుల సంఘం అంతకు ముందునుంచే ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది అంటే, వేర్వేరు సంఘాలు ఒక్కటయ్యాయని అర్థం. మా ఊరి శిలాఫలకంపై ‘ఈ సంఘము కట్టబడిన సంవత్సరము’ అని చెక్కించి, పూరిపాకలో ఏళ్ల తరబడి ఆరాధించిన మా తాతల తరాన్ని ఒక్క మాటతో చెరిపేశారు. ఆ ఫలకం ఆవిష్కరించిన నాడు చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను.

కథోలికుల గురించి రాసేటప్పుడు వారి మాటలే వాడు: విశ్వవ్యాప్తమైనది శ్రీసభ, స్థానికమైనది విచారణ, కట్టడం దేవాలయం.

మీ ఫలకం మీద రెండు సంవత్సరాలూ వేరువేరుగా వేయించండి: సంఘం ఏర్పడినది ఒకటి, మందిరం ప్రతిష్ఠ అయినది ఒకటి. రాయి చెక్కేవారికి ఇవ్వకముందే ఆ వాక్యం నాకొకసారి పంపించమ్మా.