ఆ ఇంటి కిటికీలు అప్పుడే విప్పించకు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మీరు కొనుక్కున్న విక్టోరియన్ ఇంటిని, అంటే విక్టోరియా రాణి కాలపు శైలి ఇంటిని, నగర ల్యాండ్‌మార్క్‌గా, అంటే కాపాడవలసిన చారిత్రక కట్టడంగా ప్రకటించమని దరఖాస్తు పెట్టబోతున్నారనీ, ఆలోగా "కాస్త బాగు చేయించడానికి" కాంట్రాక్టర్‌తో మాట్లాడుతున్నారనీ మీ నాన్న చెప్పాడు. మొదటి మాటకు ఎంత గర్వపడ్డానో, రెండో మాటకు అంత గుండెదడ పుట్టింది. ఆ నగరంలోనే ఉద్యోగకాలమంతా పాత ఇళ్ల నక్షాలు గీసినవాణ్ణి. చాదస్తం అనుకోకుండా చివరిదాకా చదువు.

దరఖాస్తు దారి నీకు తెలిసే ఉంటుంది: ప్లానింగ్ కోడ్ 10వ ఆర్టికల్ ప్రకారం పాత కట్టడాల పరిరక్షణ చూసే హిస్టారిక్ ప్రిజర్వేషన్ కమిషన్ విచారించి సిఫారసు చేస్తుంది, నగర పాలకమండలి అయిన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ ఆర్డినెన్స్‌తో, అంటే నగర చట్టంతో ఖాయం చేస్తుంది. ఆ తరువాత ఇంటి వెలుపలి రూపం మార్చాలంటే కమిషన్ వాళ్ల సర్టిఫికెట్ కావాలి. వంటగదిని మాత్రం సాధారణంగా మీ ఇష్టానికే వదిలేస్తారు. ల్యాండ్‌మార్క్ అయినంత మాత్రాన ఆస్తిపన్ను తగ్గదు. అందుకు మిల్స్ యాక్ట్ అనే కాలిఫోర్నియా చట్టం కింద నగరంతో వేరే ఒప్పందం చేసుకోవాలి; దాని గడువు కనీసం 10 ఏళ్లు, అదీ ఏటా దానంతటదే పొడుగవుతుంది, ఇల్లు అమ్మితే కొన్నవాళ్ల మెడకూ చుట్టుకుంటుంది. లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకు.

ఇక ఆధారాలు. 1906 భూకంపం వెంట వచ్చిన మంటల్లో సిటీ హాల్‌తో పాటు ఇళ్ల అనుమతి పత్రాలూ కాలిపోయాయి. ఆ మంటలు చాలావరకు ఆగిన వాన్‌నెస్ అవెన్యూకు బాగా పడమరన ఉండబట్టి మీ ఇల్లు దక్కింది గానీ, అది ఎప్పుడు కట్టారో చెప్పే కాగితం దక్కలేదు. అందుకే అప్పట్లో నగరానికి నీళ్లిచ్చిన స్ప్రింగ్ వ్యాలీ వాటర్ కంపెనీ రికార్డుల్లో ఆ ఇంటికి కుళాయి వేసిన తేదీ వెతుకు. 1899 నాటి సాన్‌బోర్న్ అగ్నిబీమా పటంలో ముందరి బే విండో (గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన కిటికీ) ఆకారం సరిచూసుకో. ఎవరో గొప్పవాడు అక్కడ కాపురమున్నాడని అమ్మినవాళ్లు చెప్పిన కథను రుజువు దొరికేదాకా దరఖాస్తులో రాయవద్దు. గొప్పవాడు లేకపోయినా నష్టం లేదు. ఫ్రాంక్లిన్ వీధిలో 1886లో కట్టిన హాస్-లిలియెంతాల్ ఇల్లు ఒక కిరాణా టోకు వర్తకుడిది. ఒకే కుటుంబం 1972 దాకా అందులో ఉండడంతో పాత చెక్కపని చాలావరకు నిలిచింది, ఈనాడు జనం చూడడానికి వెళ్లేదీ దానికోసమే.

అసలు భయం ఇక్కడే ఉంది. నా స్నేహితుడొకడు నీలాగే ముచ్చటపడి అలాంటి ఇల్లు కొన్నాడు. కమిషన్ వాళ్లు వచ్చేసరికి ఇల్లు కొత్తగా కనబడాలని వీధివైపు కిటికీలన్నీ తీయించి వినైల్ అనే ప్లాస్టిక్ కిటికీలు పెట్టించాడు. తీసిన చట్రాలు పేవ్‌మెంట్ మీద పడి ఉండగా నేను వెళ్లాను. రెడ్‌వుడ్ కర్ర ఎక్కడా పుచ్చలేదు, పుట్టీ మాత్రమే రాలింది. చట్రాల అంచుల మీద ఏది ఏ గూటిదో వడ్రంగి పెన్సిల్‌తో వేసిన అంకెలు చెరిగిపోలేదు. తెగిన నూలుతాళ్ల చివర, కిటికీ తేలిగ్గా పైకి లేవడానికి గిరకల మీదుగా గోడలోపల వేలాడిన పోతఇనుము బరువులు అలాగే కట్టి ఉన్నాయి. మర్నాటికి చెత్తబండి వాటిని తీసుకుపోయింది. ఇల్లు చూడడానికి వచ్చిన నిపుణురాలు మొట్టమొదట కిటికీల సంగతే అడిగింది, ఎందుకంటే అర్హత తేల్చేటప్పుడు శైలితో పాటు నాటి సామగ్రి, నాటి పనితనం ఎంత మిగిలాయన్నదీ చూస్తారు. అతడు మళ్లీ కర్ర కిటికీలు చేయించాడు, డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెట్టాడు. ఎంత చేసినా అవి నకళ్లే. ఆఖరికి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాడు.

కాబట్టి ఏదీ ముట్టుకోకముందు అటకనుంచి మెట్లదాకా ఫొటోలు తీయించు. ఊడిన చెక్కపువ్వయినా సరే, దొరికిన చోటు రాసి దాచు. పాత పెయింటును నువ్వు గీకడానికి కూర్చోకు. 1978కి ముందు వేసిన పొరల్లో సీసం ఉండవచ్చు, పాకే పిల్ల ఉన్న ఇంట్లో ఆ దుమ్ము విషం. చిన్నప్పటినుంచీ నీకు తొందరే, నిన్ను తిట్టి లాభం లేదు. కానీ మనవరాలి విషయంలో నా మాట వినక తప్పదు. కాంట్రాక్టర్‌కు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే పోనీ, కిటికీల పని మాత్రం ఆపమని ఈ సాయంత్రమే ఫోన్ చెయ్యి. అతను కాదంటే నంబరు పంపు, నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న