ఎంపీహెచ్‌కు ఎంబీఏ తోడైతే ఉద్యోగం ఖాయమా?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ పూర్తిచేసింది. అమెరికాలో పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ (ఎంపీహెచ్) చదువుతానంటోంది. ఒక్క ఎంపీహెచ్‌తో ఉద్యోగం కష్టమని, ఎంబీఏ కూడా కలిసిన డ్యూయల్ డిగ్రీ మంచిదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంకో ఏడాది అప్పు పెరుగుతుంది. ఏది మేలు?
– ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది పోలికే అయినా అసలు భయం వేరు. ఐదేళ్లు డెంటల్ చదివిన పిల్ల దారి మార్చి ఎటూ కాకుండా పోతుందేమోనని మీ దిగులు. దానికి రెండో డిగ్రీ మందు కాదు.

విడివిడిగా నాలుగేళ్లు పట్టే ఈ రెండూ డ్యూయల్‌లో సాధారణంగా మూడేళ్లలో అయిపోతాయి. కొన్ని క్రెడిట్లను రెండు డిగ్రీల్లోనూ లెక్కవేయడం వల్లే ఆ ఏడాది కలిసొస్తుంది. మధ్యలో ఎంబీఏ మానేస్తే ఆ వెసులుబాటు పోతుంది. తగ్గిన క్రెడిట్లకు మళ్లీ ఫీజు కట్టి ఎంపీహెచ్ సబ్జెక్టులు చదవాల్సి రావచ్చు.

మీకు సలహా ఇచ్చినవాళ్లు వదిలేసింది వీసా సంగతి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) విద్యార్థికి ఓపీటీ, అంటే చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు, అదీ ఒక్కో స్థాయికి ఒకసారే. మాస్టర్స్ రెండు చేసినా ఓపీటీ రెండింతలు కాదు. మరో 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సులకే. ప్రతి కోర్సుకూ ఒక కోడ్ ఉంటుంది. ఎపిడెమియాలజీ (రోగాలు ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం, 26.1309), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు, 26.1102) కోడ్‌లు అందులో ఉన్నాయి, జనరల్ పబ్లిక్ హెల్త్ (51.2201) లేదు. పట్టా మీద ఎంపీహెచ్ అనే ఉన్నా, ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఏ కోడ్ వేస్తారన్నది యూనివర్సిటీని, కాన్సంట్రేషన్‌ను (ఎంచుకున్న ప్రత్యేక విభాగం) బట్టి మారుతుంది. దరఖాస్తుకు ముందే మెయిల్ పెట్టి అడగండి. మూడో ఏడాది అప్పు కన్నా ఈ ఒక్క మెయిల్ ఎక్కువ మేలు చేస్తుంది.

ఎంబీఏ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. పేరున్న బిజినెస్ స్కూళ్లు కొన్నేళ్ల ఉద్యోగానుభవం అడుగుతాయి. అది లేకుండా ఎంబీఏ తెచ్చుకున్నవారిని ఆస్పత్రులు, కన్సల్టింగ్ కంపెనీలు ఫ్రెషర్‌గానే చూస్తాయి. ఇప్పటికే ఆస్పత్రి నిర్వహణలో ఉన్నవారికి డ్యూయల్ బాగా పనికొస్తుంది. మీ అమ్మాయికి ఇప్పుడు కావలసింది ఎస్ఏఎస్, ఆర్ లాంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లో డేటాను విశ్లేషించే నేర్పు, ఒక మంచి ప్రాక్టికమ్ (ఏదైనా సంస్థలో చేసే క్షేత్ర శిక్షణ). ఎంపీహెచ్‌లో ప్రాక్టికమ్ ఎలాగూ తప్పనిసరే. మొక్కుబడిగా కానిచ్చేస్తే ఇంటర్వ్యూలో చూపించడానికి ఏమీ మిగలదు. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగాలకు సాధారణంగా పౌరసత్వం కావాలి, పైగా 2025లో అక్కడి ఆరోగ్య శాఖ దాదాపు 10,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. యూనివర్సిటీలు, వాటి అనుబంధ లాభాపేక్షలేని సంస్థలు హెచ్-1బీ (ఉద్యోగ వీసా) లాటరీ కిందికి రావు. ఆమె ముందుగా వెతకాల్సింది అక్కడ.

కాస్త కటువుగానే అంటున్నాను. మీ ఉత్తరంలో తెలిసినవాళ్ల మాట ఉంది, అప్పు ఉంది. అమ్మాయి ఏ పని చేయాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు! ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి. నోటి క్యాన్సర్, ఫ్లోరోసిస్ ఎవరికి, ఎందుకు వస్తున్నాయో తేల్చే పనిలో బీడీఎస్ చదువు అక్కరకొస్తుంది. ఆ ఐదేళ్లు వృథా అయ్యాయని ఆమె ముందు అనకండి.

ఎంపీహెచ్ ఒక్కదానికే చేరనివ్వండి. చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాదిలో ఉండగానే రెండో డిగ్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పటికీ ఎంబీఏ కావాలనిపిస్తే మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోమనండి: ఎన్ని క్రెడిట్లు రెండింటికీ చెల్లుతాయి, ఏ ఏడాది ఏ స్కూల్ రేటున ఫీజు కట్టాలి, మారిన ఐ-20 కోసం బ్యాంకులో అదనంగా ఎంత చూపాలి.