చిన్న పిస్టల్‌లో ఏ బుల్లెట్ వేసుకోవాలి?

మీ ప్రశ్న చదివాను. గ్రీన్‌కార్డు వచ్చింది, టెక్సస్‌లో సిగ్ పీ365 కొన్నారు, రాత్రి స్టోర్ మూసి క్యాష్ పట్టుకెళ్లేటప్పుడు నడుముకి పెట్టుకుంటారు. షూటింగ్ ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో కాల్చే మామూలు బుల్లెట్లే సరిపోవా అని అడిగారు. సరిపోవు. నేనూ డల్లాస్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను, నాదీ అదే పిస్టల్. నేను చేసిన తప్పులు మీరు చేయకూడదని కాస్త వివరంగా రాస్తున్నా.

రేంజ్‌లో వాడేది ఎఫ్ఎంజే. సీసం మీద రాగి తొడుగు, గుండ్రటి ముక్కు. మనిషికి తగిలినా ఆకారం మారదు, అటువైపు దూసుకుపోగలదు. మన స్టోర్లలో కౌంటర్‌కి ఎదురుగా కూలర్లు, వాటి ముందు కస్టమర్లు. దొంగ వెనకాల పాల క్యాన్ కోసం వంగిన పిల్లాడు ఉంటే? దీనికి బదులు మీరు వేసుకోవాల్సింది హాలో పాయింట్ అనే రకం. దాని ముక్కులో గుంట ఉంటుంది. ఒంట్లో దిగగానే విచ్చుకుంటుంది, వేగం తగ్గి చాలావరకు లోపలే ఆగుతుంది. గురి తప్పితే మాత్రం అదీ గోడ దాటి పోతుంది.

అలాగని తొందరగా ఆగిపోయేదే మంచిదనుకోకండి. 1986 ఏప్రిల్‌లో మయామీలో బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. దొంగల్లో ఒకడికి చేతిలోంచి ఛాతీలోకి దిగిన 9 ఎంఎం బుల్లెట్ గుండె దాకా వెళ్లకుండానే ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఆ తర్వాతే ఎఫ్‌బీఐ ఇప్పటి పరీక్ష పెట్టుకుంది: మనిషి కండకి బదులు వాడే జెల్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతుకి దిగాలి, మందపాటి బట్టలు అడ్డుపెట్టినా దిగాలి.

బట్టల సంగతి నాకు కళ్లారా చూశాకే అర్థమైంది. ఒక ఫ్రెండ్ పొలంలో నీళ్ల క్యాన్లు వరసగా పెట్టి, ముందు పాత జీన్స్ నాలుగు మడతలు వేలాడదీసి కాల్చాం. షాపులో అంటగట్టిన హాలో పాయింట్ బుల్లెట్ మూడో క్యాన్ కూడా దాటేసింది. ఏరుకుని చూస్తే అసలు విచ్చుకోలేదు, గుంట నిండా నీలం దారాలు కూరుకుపోయి ఉన్నాయి. మన బ్యారెల్ 3.1 అంగుళాలే కాబట్టి వేగం తక్కువ. పొడుగు బ్యారెల్‌లో బాగా విచ్చుకునేది ఇందులో మొండికేయొచ్చు. అందుకే కొనేముందు పొట్టి బ్యారెల్‌తో చేసిన జెల్ పరీక్షలు చూడండి. ఇప్పుడు నేను వాడే హాలో పాయింట్ ఫెడరల్ హెచ్ఎస్‌టీ, 124 గ్రెయిన్ (అది బుల్లెట్ బరువు). స్పీర్ గోల్డ్ డాట్ కూడా నిక్షేపంలా ఉంటుంది. ప్లస్ పీ, అంటే మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో పేలే రకం జోలికి వెళ్లలేదు. ఇంత చిన్న పిస్టల్‌లో అది బాగా తంతుంది, రెండో రౌండ్‌కి గురి చెదురుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆ బుల్లెట్ మీ పిస్టల్‌లో నడవాలి. నేను మొదట కొన్న డబ్బాలోంచి ఒక్కటి కూడా కాల్చి చూడకుండా నాలుగు నెలలు నడుముకి పెట్టుకుని తిరిగాను. రేంజ్‌కి తీసుకెళ్తే రెండో మ్యాగజైన్‌లోనే రౌండ్ చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక అది పేలే చోటులోకి) ఎక్కకుండా ఇరుక్కుంది. అదే రాత్రి పదకొండింటికి పార్కింగ్‌లో అయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదు. ఖరీదైనా సరే, కనీసం వంద రౌండ్లు జామ్ కాకుండా కాలిస్తేనే దాన్ని నమ్మండి.

ఇంకొకటి. ఇంట్లో పిల్లలున్నారని రోజూ రాత్రి చాంబర్ ఖాళీ చేసి, పొద్దున అదే రౌండ్ మళ్లీ ఎక్కించేవాణ్ణి. ఒకరోజు దాన్ని కొత్త రౌండ్ పక్కన టేబుల్ మీద నిలబెడితే గోరు మందం పొట్టిగా ఉంది. ఎక్కించినప్పుడల్లా ముక్కు గుద్దుకుని బుల్లెట్ మందు ఉండే గొట్టంలోకి జరిగింది. అలాంటిది కాలిస్తే లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇప్పుడు ఖాళీ చేయకుండా హోల్‌స్టర్‌తో సహా లాకర్‌లో పెట్టి తాళం వేస్తున్నా.

మీ రూమ్మేట్ హెచ్1బీ మీద ఉన్నాడని రాశారు. అతనికి బుల్లెట్ల డబ్బా కూడా ఇవ్వకండి. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఆ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకుంటే ఫెడరల్ నేరం. రాష్ట్రం దాటితే రూల్స్ మారతాయి. న్యూజెర్సీలో హాలో పాయింట్లు ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ బయటికి తీసుకెళ్లడం మీద గట్టి ఆంక్షలున్నాయి, టెక్సస్ లైసెన్స్ అక్కడ చెల్లదు. ఎడిసన్‌లో మా బావమరిది ఇంటికి వెళ్లేటప్పుడు పిస్టల్, బుల్లెట్లు రెండూ డల్లాస్‌లోనే లాకర్‌లో వదిలేసి వెళ్తాను.