రోవర్‌ను ఏడిపించకు

బల్లార్షా

బిడ్డా,

నీ వ్యాసం నిన్న చేరింది. రాత్రి ఒకసారి, పొద్దున చాయ్ తాగుతూ ఇంకోసారి చదివాను. మరాఠీ మీడియంలో చదువుకుని, అమ్మ దగ్గర దిద్దుకున్న తెలుగు అక్షరాలతో అంగారకుడి మీద తిరిగే మరబండ్లు, అంటే రోవర్ల గురించి రాయడానికి పూనుకున్నావు. రాజురాలో ఇలాంటి పిల్ల ఒకతి ఉందని తెలిసి సంబరపడ్డాను. నచ్చింది కాబట్టే కొంచెం గట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు నాకు ఎక్కడ గుచ్చుకుందో చెప్తాను. ఆపర్చునిటీ రోవర్ చివరి మాటలంటూ "నా బ్యాటరీ తగ్గిపోతోంది, చీకటి పడుతోంది" అని పెట్టి, ఆ కింద పేరా నిండా కన్నీళ్లు కార్పించావు. రోవర్ ఆ మాట అనలేదు. 2019 ఫిబ్రవరిలో ఆ మిషన్ ముగిసిందని నాసా ప్రకటించినప్పుడు, శాస్త్రవేత్తలు తనకు చెప్పిన సంగతిని ఒక అమెరికన్ విలేకరి తన మాటల్లో ట్వీట్ చేశాడు. అది లోకమంతా తిరిగి తిరిగి చివరికి రోవర్ నోట్లోకి వచ్చి చేరింది. 2018 జూన్ 10న రోవర్ చివరిసారిగా, నిజంగా పంపినవి అంకెలు. అందులోంచి రెండు విషయాలు తీసుకో, నీ వ్యాసానికి అవే ఎక్కువ.

ఒకటి, ఆకాశంలో దుమ్ము ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలత. మామూలు రోజుల్లో అది ఒకటికి దగ్గర్లోనో, ఇంకా తక్కువగానో ఉంటుంది. ఆ రోజు 10.8. అంటే సూర్యుడి నుంచి నేరుగా దిగాల్సిన ఎండలో దాదాపు యాభై వేలో వంతు మాత్రమే నేలకు చేరుతుంది. దుమ్ములో పడి చెదిరి వచ్చే వెలుతురు ఇంకొంచెం ఉంటుంది, అంతే. రెండోది, సోలార్ ప్లేట్లు ఇచ్చిన కరెంటు. 2004లో కొత్తగా దిగినప్పుడు రోజుకు 900 వాట్-అవర్ల దాకా ఇచ్చిన ప్లేట్లు ఆ రోజు ఇచ్చింది 22. మన ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలిగిస్తే రెండున్నర గంటలు కూడా రాదు. హీటర్లయినా, గడియారమైనా, భూమికి కబురు పంపే రేడియో అయినా ఆ కాస్త కరెంటు మీదే నడవాలి. ఈ లెక్క పాఠకుడి ముందు పెట్టి నువ్వు పక్కకు తప్పుకో. ఏడవాలో వద్దో అతను చూసుకుంటాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ వ్యాసంలో దుమ్ము ఒకటే. నిజానికి అక్కడ రెండు రకాల కష్టం ఉంది. ఆకాశంలో లేచి ఎండను ఆపేసే దుమారం ఒకటి. ఏ గోలా లేకుండా రోజూ కొంచెం కొంచెం ప్లేటు మీద పేరుకునే పొర ఇంకొకటి. ఆపర్చునిటీని మింగింది మొదటిది. గ్రహం మొత్తాన్నీ కమ్మిన దుమారం అది. రెండోది నీకు అసలు కనపడలేదు, కథంతా అందులోనే ఉంది.

1997లో పాత్‌ఫైండర్ అనే నాసా నౌకతో అంగారకుడి మీద దిగిన సోజర్నర్ అనే చిన్న రోవర్ మీద, ఈ పేరుకోవడాన్ని కొలవడానికే ఒక పరికరం పెట్టారు. రోజుకు 0.28 శాతం చొప్పున వెలుతురు తగ్గుతోందని తేలింది. చూడ్డానికి ఎంత చిన్న అంకె! మూడు నెలలు గుణించు, పావు వంతు పోయింది. అందుకే 2004లో దిగిన జంట రోవర్లు స్పిరిట్, ఆపర్చునిటీలు 90 రోజులు పనిచేస్తే చాలనుకున్నారు. దుమ్ము వాటిని ఇంకెంతో కాలం బతకనివ్వదనే అనుకున్నారు. మరి స్పిరిట్ ఆరేళ్లు, ఆపర్చునిటీ పద్నాలుగేళ్లు ఎలా తిరిగాయి? ఈ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నేనైతే దాంతోనే మొదలుపెట్టేవాణ్ని. "అనంత విశ్వంలో మానవుడు" అంటూ నువ్వు రాసిన మొదటి పేరా తీసేస్తే వ్యాసానికి వచ్చే నష్టమేమీ లేదు.

గాలి తుడిచింది, అదీ జవాబు. 2005 మార్చిలో స్పిరిట్ ప్లేట్ల సామర్థ్యం 60 శాతం దగ్గర ఉంది. ఒక్కసారిగా 93 శాతానికి ఎక్కింది. మర్నాడే దాని కెమెరాకు సుడిగాలి చిక్కింది. ఈ ముక్క నువ్వు రాశావు గానీ "ప్రకృతి కరుణించింది" అని ఒక్క వాక్యంలో దాటేశావు. కరుణ సంగతి మనకెందుకు? ఆ దుమ్ము ఎలా అంటుకుంటుంది, ఎలా ఊడుతుంది, అది చెప్పు.

అది తెలియాలంటే ఓసారి మిద్దె ఎక్కు. మీ పక్కింటి మీద సోలార్ ప్లేట్లు ఉన్నాయని నువ్వే రాశావుగా. సాస్తి గని వైపు నుంచి టిప్పర్లు పోయే దారిలో ఉన్న ఇల్లు, బొగ్గు దుమ్ముకు కొదవ ఉండదు. వాళ్లనడిగి పొద్దున్నే చూడు. రాత్రి మంచుకు తడిసిన దుమ్ము కిందికి జారి, ఫ్రేము అంచున నల్లటి పట్టీలా గట్టిపడి ఉంటుంది. వేలితో గీస్తే పైన పొడి లేస్తుంది, అడుగున ఉన్నది కదలదు. దానికి తడిగుడ్డ పట్టి రుద్దాల్సిందే. పట్టీ వెడల్పు రెండు వేళ్లే ఉన్నా సరే, కింది వరుసలోని సెల్స్ దాని నీడలో పడితే మొత్తం ప్లేటు కరెంటే పడిపోతుంది, ఎందుకంటే సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. మిరుగు వాన పడ్డాక ఎండ కాసిన రోజు ఇన్వర్టర్ మీద యూనిట్లు ఎంత పెరిగాయో కూడా రాసుకో.

చూశాక మాత్రం ఒక జాగ్రత్త. "అంగారకుడూ మన చాందా జిల్లా లాంటిదే" అని రాయకు. అక్కడ వాన లేదు, దుమ్మును ముద్ద చేసే తడీ లేదు. అక్కడి దుమ్ములో ఇనుము తుప్పు ఉంటుంది. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో రెండు మూడు ముక్కలంత రేణువులు. ఎండుదనం వల్ల వాటికి స్థిర విద్యుత్తు ఎక్కి ప్లేటును పట్టుకుంటాయి. పైగా గాలి మరీ పలచన, ఒత్తిడి మన భూమి మీద ఉన్నదానిలో వందో వంతు కూడా ఉండదు. అందుకే దుమారానికి రోవర్ ఊగిపోయిందని నువ్వు రాసిన వాక్యం కొట్టెయ్. ఆ గాలి ఎంత వేగంగా వీచినా దాని తోపు చాలా తక్కువ. సన్నటి దుమ్మును లేపగలదు, రోవర్‌ను కదపలేదు.

ఇప్పుడు నువ్వు పూర్తిగా వదిలేసిన కథ. ఇన్‌సైట్ రోవర్ కాదు, దిగిన చోటే ఉండే ల్యాండర్. అయినా సరే వ్యాసంలోకి తీసుకురా. 2018 నవంబరులో దిగినప్పుడు రోజుకు 5,000 వాట్-అవర్లు వచ్చేవి. దుమ్ము పేరుకుంటూ పోయింది. స్పిరిట్‌కు దొరికినట్టు దీనికి సుడిగాలి దొరకలేదు. ప్లేట్లను విప్పడానికి వాడిన మోటార్లను కదిపి దులుపుదామని చూశారు, దులపలేకపోయారు. చివరికి 2021 మేలో ఒక విచిత్రమైన పని చేశారు. మరచేతి చివరన ఉన్న చిన్న పారతో నేల మీది ఇసుక ఎత్తి, మధ్యాహ్నం గాలి బాగా వీచే వేళ చూసి, ప్లేటు పక్కన సన్నగా పోశారు. దుమ్ము పట్టిన ప్లేటు దగ్గర ఇంకా ఇసుక! గాలికి కొట్టుకుపోతూ ఆ ఇసుక రేణువులు ప్లేటు మీద ఎగిరి ఎగిరి పడ్డాయి. దుమ్ము కంటే అవి పెద్దవి కాబట్టి, పడిన చోటల్లా సన్నటి దుమ్మును లేపి తమతో తీసుకుపోయాయి. రోజుకు 30 వాట్-అవర్లు కలిసొచ్చాయి. అంత యంత్రానికి 30 ఏ మూలకని అనిపిస్తుంది గానీ, ఆ స్థితిలో ఉన్నవాళ్లకు అదే పండగ. 2022 వసంతానికి 5,000 కాస్తా 500 అయింది. డిసెంబర్ 15న చివరిసారి మాట్లాడింది. ఈ ఇసుక పోసే ఘట్టానికి ఒక పేజీ ఇవ్వు, తొందరపడకు.

ఇది చదవగానే పాఠకుడు "ఒక వైపర్ పెట్టుకుంటే పోయేది కదా" అంటాడు. మా వీధిలో చాయ్ కొట్టువాడు కూడా అదే అడిగాడు. ఆ మాట అతను అనేలోపే నువ్వు చెప్పు. వైపర్‌కు బరువుంది, మోటార్ కావాలి, అదీ చెడిపోవచ్చు. అంత దూరం మోసుకుపోయే ప్రతి గ్రాముకూ పోటీ ఉంటుంది. 90 రోజుల పనికి వైపర్ కంటే ప్లేటు ఇంకాస్త పెద్దది పెట్టుకోవడమే మేలనుకున్నారు. తర్వాత వెళ్లిన క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్ల గురించి రెండు వాక్యాలు చాలు. వాటిని నడిపేది ప్లుటోనియం వేడి నుంచి పుట్టే కరెంటు, ప్లేట్ల గొడవే లేదు.

చైనా వాళ్ల రోవర్ ఝురోంగ్ దగ్గర చెయ్యి జారావు. "దుమ్ము చంపేసింది" అని తేల్చి రాశావు. 2022 మేలో చలికాలానికి నిద్రపుచ్చారు, మళ్లీ లేవలేదు. దుమ్ము పేరుకోవడమే కారణం కావచ్చని 2023లో ఆ మిషన్ ముఖ్య డిజైనరే అన్నాడు. ఆ "కావచ్చు" అక్కడే ఉండనీ. ఉంటే వ్యాసం బలం తగ్గుతుందని ఎవరో నీకు చెప్పి ఉంటారు, నమ్మకు.

భాష గురించి టెన్షన్ పడుతున్నానని రాశావు. నాకు తప్పులు కనపడింది నీ తెలుగులో కాదు, పుస్తకాల నుంచి అరువు తెచ్చుకున్న పెద్ద మాటల దగ్గరే. పక్కింటావిడతో మాట్లాడినట్టు రాసిన మూడో పేజీ నిలబడింది. మిగతావి కూడా ఆ గొంతుతోనే తిరగరాయి. పత్రికకు పంపడం తర్వాత సంగతి.

ఒకటి మరిచాను. స్పిరిట్ 2011లో ఆగిపోయిందన్నావు. దాని నుంచి చివరి కబురు వచ్చింది 2010 మార్చి 22న. అప్పటికే మెత్తటి నేలలో కూరుకుపోయి ఉంది. చలికాలానికి ప్లేట్లను ఎండ వైపు వంచుకునే వీలు కూడా లేకపోయింది. 2011 మే దాకా పిలిచి పిలిచి, అప్పుడు వదిలేశారు. తేదీలు రెండూ వెయ్యి, మధ్యలో ఆ పద్నాలుగు నెలలు ఏం చేశారో ఒక పేరా రాసి పంపు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి