సంగీతం – సందేహాలు: జాజ్ రికార్డుల మీద ఈ మమకారం దేనికి?

పోయిన నెల ఈ శీర్షికలో మా ఇంట్లో ఉన్న, అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతపు ఎల్పీ రికార్డుల గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చదివాక ఈ నెల చోటంతా వాటికే ఇవ్వాలనిపించింది.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అమెరికా నుంచీ జపాన్ నుంచీ పాత జాజ్ రికార్డులు తెప్పించుకుంటాడు. జీతంలో చాలా భాగం వాటికే పోతోంది. అవే పాటలు ఫోన్‌లో ఊరికే వస్తాయి కదరా అంటే నవ్వి ఊరుకుంటాడు. వాడికి వాటిలో ఏం దొరుకుతోందండీ? మందలించాలో వదిలేయాలో తెలియక రాస్తున్నాను.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: మందలించకండమ్మా. ముందు నేను చెప్పేది వినండి.

ఫోన్‌లో వచ్చేదీ రికార్డులో వచ్చేదీ ఒకే పాట అన్నది నిజమే. శుభ్రత ఒక్కటే చూస్తే ఫోనే నయం. రికార్డులో చిటపటలు ఉంటాయి, దుమ్ము చేరితే ముల్లు ఎగురుతుంది. కాబట్టి రికార్డులోనే బాగా వినిపిస్తుందన్న వాదన నేను చెయ్యను. మీ అబ్బాయికి దొరుకుతున్నది ఇంకొకటి.

జాజ్‌లో ముందుగా అనుకుని వచ్చేది కొంచెమే. ఒక వరస, దాని కింద నడిచే స్వరాల గుంపుల క్రమం, అంతవరకే. మిగతాదంతా ఆ పూట అక్కడ కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు వింటూ అప్పటికప్పుడు కల్పించేది. మర్నాడు అదే పాటను వాళ్ళే మళ్ళీ వాయించినా ముందురోజుది తిరిగి రాదు. అందుకే రికార్డు చేతికి రాగానే మేం అట్ట వెనక్కి తిప్పి, ఎవరెవరు వాయించారు, ఏ తేదీన, ఎక్కడ అని చూస్తాం. పాటల పేర్లు తర్వాత.

ఒక్క తేదీ సంగతి చెబుతాను. 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో నేలమాళిగలో ఉండే విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న క్లబ్బు. పియానో మీద బిల్ ఎవాన్స్, బాస్ అనే మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద పాల్ మోషన్. మధ్యాహ్నం రెండు సార్లు, రాత్రి మూడు సార్లు వాయించారు. వాటి నుంచి రెండు రికార్డులు వచ్చాయి. జూలై 6న లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. 25 ఏళ్ళవాడు. ఆ తర్వాత ఎవాన్స్ కొన్ని నెలలు పియానో జోలికి పోలేదు.

ఆ రెంటిలో ఏది పెట్టినా నాకు ముందు వినిపించేది జనం. గ్లాసులు తగిలిన చప్పుడు, ఒక టేబుల్ దగ్గర ఎవరో మాట్లాడుకోవడం, మధ్యలో ఒక నవ్వు. తమ ముందున్న ఆ కుర్రవాడికి ఇంక కొద్ది రోజులే ఉన్నాయని వాళ్ళకు తెలియదు. అతనికీ తెలియదు. హాయిగా పియానోతో పోటీగా, పియానోకి తోడుగా బాస్ వాయించుకుంటూ పోతాడు. అది వింటుంటే నాకు దిగులు వస్తుంది, ఆ వెంటనే సంతోషమూ వస్తుంది, ఎందుకంటే అతను ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. దాన్ని ఫోన్‌లో కూడా వినవచ్చు, నేనూ విన్నాను. కానీ ఫోన్‌లో అయితే మధ్యలో ఒక మెసేజ్ వస్తుంది, చెయ్యి అటు పోతుంది. రికార్డు అయితే అట్టలోంచి తీసి, దుమ్ము తుడిచి, ముల్లు పెట్టి కూర్చుంటాం. ఇరవై నిమిషాలకు ఒక ముఖం అయిపోతుంది. లేచి తిప్పాలి. ఆ ఇరవై నిమిషాలూ మనసు ఇంకెక్కడికీ పోదు.

నేను జాజ్ లోకి వచ్చింది రేడియో దారిన. అమెరికాలో న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో ఆసుపత్రి ఫార్మసీలో రాత్రి డ్యూటీ చేసేదాన్ని. తెల్లవారుజామున కారులో ఇంటికొస్తూ నెవార్క్ నుంచి వచ్చే డబ్ల్యూబీజీఓ స్టేషన్ పెట్టుకునేదాన్ని. ఎక్కువగా జాజే వేస్తారు. ఊరు కొత్త, మనుషులు కొత్త, ఇంట్లో పసిపిల్ల. ఆ టెన్షన్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి శాక్సఫోన్ ఊదుతుంటే, వీడికి నా సంగతి తెలుసు అనిపించేది. తర్వాత ప్రిన్స్‌టన్ ఊళ్ళో ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్ అనే కొట్టుంటే అక్కడ పాత రికార్డులు వెతకడం మొదలుపెట్టాను. నేల మీది డబ్బాల్లో చవకవి ఉండేవి. మోకాళ్ళ మీద కూర్చుని వెతికేవాళ్ళం, పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. ‘ఇది విన్నారా’ అని చేతిలో పెట్టేవారు. ఈ దేశంలో ఆఫీసు బయట నాకు దొరికిన మొదటి స్నేహాలు అవే.

ఇంకో రికార్డు సంగతి కూడా మీకు చెప్పాలి. 1964 డిసెంబర్ 9న శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ తన నలుగురి బృందంతో న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్ స్టూడియోలో ‘ఎ లవ్ సుప్రీమ్’ రికార్డు చేశాడు. మా ఇంటి నుంచి కారులో గంట దూరం. పుస్తకంలా తెరుచుకునే ఆ అట్ట లోపల దేవుడికి ఆయన రాసిన ఒక పద్యం అచ్చువేశారు. రెండో ముఖంలో చివరి భాగానికి వచ్చేసరికి ఆయన ఆ పద్యాన్నే శాక్సఫోన్‌తో పలుకుతాడు, మాటకు మాట. అట్ట ఒళ్ళో తెరిచి పెట్టుకుని వేలు పెట్టి చదువుతూ వింటే ఎక్కడ ఏ మాట అంటున్నాడో తెలుస్తుంది. నేను మొదటిసారి అలా విన్నరోజు కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. అట్ట లేకుండా విన్నన్నాళ్ళూ అది నాకు అందలేదు.

మీ వాడు అప్పు చేసి కొనకపోతే చాలు. ఈసారి పండక్కి వచ్చినప్పుడు, లేదా మీరు హైదరాబాద్ వెళ్ళినప్పుడు, ‘నీకు బాగా ఇష్టమైంది ఒక ముఖం వినిపించరా’ అని అడగండి. నచ్చిందో లేదో నిజమే చెప్పండి. తనకు ఇష్టమైంది అమ్మ పక్కన కూర్చుని విన్నదంటే వాడికి అంతకన్నా ఏం కావాలి.

ప్రశ్న: నేను కర్ణాటక సంగీతం వినేవాణ్ణి. మాలాంటివాళ్ళకు జాజ్‌లో పట్టు దొరికే చోటు ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చాలా ఉందండీ. కచేరీలో మనోధర్మం కోసం, అంటే అప్పటికప్పుడు కల్పించే సంగీతం కోసం ఎదురుచూసే చెవి మీకు ముందే ఉంది. జాజ్‌లో స్వరాల గుంపులు వెంటవెంటనే మారిపోతుంటాయి కాబట్టి మొదట్లో కాస్త తికమకగా ఉంటుంది. బాస్ వాయించే మనిషిని పట్టుకుని వినండి, దారి తెలుస్తుంది. వాళ్ళూ మనవైపు చూశారు. 1958లో అమెరికన్ జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం మన దేశం వచ్చినప్పుడు మద్రాసులో పళని సుబ్రహ్మణ్య పిళ్ళై గారి మృదంగంతో కలిసి వాయించింది. కోల్ట్రేన్ అయితే రవిశంకర్ మీది గౌరవంతో కొడుకుకు రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆ రవి కోల్ట్రేన్ కూడా ఇప్పుడు పేరున్న శాక్సఫోన్ విద్వాంసుడే.

ప్రశ్న: తొలి ముద్రణ రికార్డులకు పెట్టే ధరలు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. కొత్తగా మళ్ళీ వేసినవి కొంటే ఆ అనుభూతి ఉండదా? అసలుదానిలో ఏముంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అసలుదానిలో ఏముందో ముందు చెబుతాను.

జాజ్ సేకరించేవాళ్ళు ఎక్కువగా తలచుకునే కంపెనీ బ్లూ నోట్. 1939లో న్యూయార్క్‌లో దాన్ని మొదలుపెట్టిన ఆల్ఫ్రెడ్ లయన్ బెర్లిన్‌లో పుట్టి, హిట్లర్ రోజుల్లో దేశం వదిలి వచ్చినవాడు. అదే దారిలో వచ్చి చేరిన చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్, రికార్డింగ్ జరుగుతుంటే ఫోటోలు తీసేవాడు. అట్టల మీద చెమటలు పట్టి, కళ్ళు మూసుకుని వాయిస్తూ కనిపించే ఆ మొహాలన్నీ ఆయన తీసినవే. రిహార్సల్ రోజులకు కూడా వాద్యకారులకు డబ్బిచ్చిన కంపెనీ అది. ఆ శ్రద్ధ వాయింపులో వినిపిస్తుంది.

శబ్దం పట్టినవాడు రూడీ వాన్ గెల్డర్. పగలు కళ్ళ పరీక్షలు చేసి అద్దాలు రాసిచ్చేవాడు, మిగతా వేళల్లో న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో రికార్డింగ్‌లు చేసేవాడు. 1959లో సొంత స్టూడియో కట్టుకున్నాక కళ్ళ పరీక్షలు మానేశాడు. టేపు మీది సంగీతాన్ని అచ్చు తీసే మూల ప్లేటులోకి గాడిగా కోసేది కూడా ఆయనే. కోశాక గాడి చివర, లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ జాగాలో ఆర్‌వీజీ అని తన గుర్తు వేసేవాడు. 1966 దాకా బ్లూ నోట్ రికార్డులు ప్లాస్టిలైట్ అనే ఫ్యాక్టరీలో అచ్చయ్యేవి, వాళ్ళ గుర్తు చెవి ఆకారంలో ఉంటుంది. అందుకే మా గుంపులో ఎవరి చేతికి పాత బ్లూ నోట్ వచ్చినా, దీపం కిందికి వంచి ఆ ఖాళీ జాగాలో ‘చెవి ఉందా’ అని చూస్తారు. ఉంటే, ఆ పూట గదిలో ఉన్న మనిషి చేతి మీదుగా కోసిన గాడి ఇప్పుడు మన చేతిలో ఉన్నట్టు. ఈ సంతోషానికే జనం డబ్బు పోస్తారు. శాక్సఫోన్ వాయించే హ్యాంక్ మోబ్లీ 1957లో చేసిన ఒక రికార్డు తొలి ముద్రణ మంచి స్థితిలో దొరికితే వేల డాలర్లకు పోతుంది.

నా దగ్గర అలాంటివి చాలా తక్కువ. ఉన్నవాటిని అపురూపంగా చూసుకుంటాను. కానీ కొత్త ముద్రణను చులకన చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. 2019 నుంచి బ్లూ నోట్ వాళ్ళే టోన్ పొయెట్ అనే వరుస వేస్తున్నారు. పాత అసలు టేపుల నుంచే కోస్తారు, తెరుచుకునే అట్టల్లో వుల్ఫ్ ఫోటోలు పెద్దవి వేస్తారు. గీతలు పడిన తొలి ముద్రణ కన్నా చాలాసార్లు అవే బాగా వినిపిస్తాయి. అసలుది అంటే తప్పు లేనిదని కూడా కాదు. 1959లో వచ్చిన ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ తొలి ముఖం రికార్డు చేసిన టేపు యంత్రం కాస్త నిదానంగా తిరిగింది. దాంతో రికార్డులో ఆ మూడు పాటల శ్రుతి కొంచెం పైకి పోయింది. 1992లో గానీ దాన్ని సరిచేయలేదు. అన్నేళ్ళూ లోకమంతా ఆ పెరిగిన శ్రుతిలోనే ప్రేమించింది. నాకు ఇప్పటికీ ఆ పాత శ్రుతే ఇష్టం, మొదట విన్నది అదే కాబట్టి.

మీరు కొత్త ముద్రణలే కొనుక్కోండి. మీకు ప్రాణంలాంటిది ఒక్కటి ఏదో తేలాక, దానికి మాత్రం తొలి ముద్రణ కోసం వెతకండి. వెతకడంలోనే సగం ఆనందం ఉంది.

ప్రశ్న: మా నాన్నగారు మర్చంట్ నేవీలో పనిచేశారు. రేవు రేవునా కొన్న జాజ్ రికార్డులు రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి. ఆయన పోయాక ఎవరం తెరవలేదు. ప్లేయర్ పాడైపోయింది. ఒకాయన గంపగుత్తగా కొంటానంటున్నారు. అమ్మేయమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే అమ్మకండమ్మా. ముందు పెట్టెలు తెరవండి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే బరువుకు వంగిపోతాయి. తీసి పుస్తకాల్లా నిలబెట్టండి, ఎండ తగలని చోట. విశాఖ గాలికి అట్టలకు బూజు పట్టి ఉంటుంది. మాస్కు పెట్టుకుని, ఆరుబయట పొడిగుడ్డతో తుడవండి. రికార్డుకైతే డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవాలి, మధ్యలో లేబుల్ తడవకూడదు. బరువుగా, పెళుసుగా ఉండే, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు ఉంటే వాటికి స్పిరిట్ లాంటివి అస్సలు తగలనివ్వకండి, వాటిలోని లక్క కరిగిపోతుంది. పాత ప్లేయర్ బాగుచేయించినా ముల్లు మాత్రం కొత్తది వేయించండి, అరిగిన ముల్లు గాడిని కోసేస్తుంది.

తర్వాత ఒక్కొక్కటే చూడండి. ఆ రోజుల్లో కొన్నవాళ్ళు అట్ట మీద పేరు, తేదీ, ఊరు రాసుకునేవారు. నేను కొన్న పాతవాటిలో ఎవరెవరి పేర్లో ఉన్నాయి, ఆ మనుషులెవరో తెలియకపోయినా చెరపబుద్ధి కాదు. మీకు కనిపించేది మీ నాన్నగారి చేతిరాతే. ఏ రేవులో దిగి ఏది కొన్నారో తెలియవచ్చు. బాగా అరిగిన రికార్డు ఏదైనా ఉంటే ఆయన ఎక్కువగా విన్నది అదే అయ్యుంటుంది. అంగట్లో దానికి విలువ తక్కువ, మీరు మొదట వినాల్సింది మాత్రం దాన్నే.

విన్నాక కూడా అమ్మాలనిపిస్తే అమ్మండి, అందులో తప్పేమీ లేదు. వినేవాళ్ళ ఇంటికి చేరితే ఆయనకూ ఇష్టమే అవుతుంది. గంపగుత్తగా మాత్రం వద్దు. ఒక్కోదానికీ అట్ట ముందూ వెనకా, లేబుల్, చివర ఖాళీ జాగాలో చెక్కిన అక్షరాలు ఫోటోలు తీసి, ఇద్దరు ముగ్గురిని ధర అడగండి. ఆ ఫోటోలు పత్రిక చిరునామాకు పంపితే ఏది ఏ కాలం ముద్రణో నేనూ చూసి చెబుతాను.