మంచు పట్టు సడలితే కొండ ఆగదు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో వాన లేదు, పైగా చలికాలం. మరి అంత వరద ఎక్కడి నుంచి వచ్చింది? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొండ ముక్కే వరదగా మారింది. రొంటి శిఖరం మీద దాదాపు 5,500 మీటర్ల ఎత్తున, రాయీ మంచూ కలిసిన పెద్ద చెక్క ఒకటి ఊడి, 1,800 మీటర్ల కింద లోయలో పడింది. పరిమాణం సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్లు. అందులో ఐదింట నాలుగు వంతులు రాయి, ఒక వంతు మంచు.

అసలు కిటుకు ఈ పాళ్లలోనే ఉంది. కిలో మంచు కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో బరువు 1,800 మీటర్లు పడితే పుట్టేది 18 కిలోజౌళ్లలోపే. ఉత్త మంచే పడి ఉంటే ఇరవయ్యో వంతు కరగడం గొప్ప. కానీ రాయి మంచుకు దాదాపు మూడు రెట్లు బరువు. పాళ్లు కూడా కలిపి లెక్కేస్తే ఒక్కో కిలో మంచు వెంట 12 కిలోల దాకా రాయి దొర్లింది. ఆ ఒరిపిడికి కిలో మంచు వాటాకు 225 కిలోజౌళ్ల పైమాటే. ఇది ఉజ్జాయింపు లెక్క, రాయి కూడా కొంత వేడి తాగేస్తుంది. అయినా లోయ దిగువన ఉన్న తపోవన్ ఊరి వైపు ఇంకా కిందికి దిగేకొద్దీ మిగతా మంచూ చాలావరకు నీరైపోయి, రాళ్లను బురదలో కలిపి మోసుకెళ్లింది. రిషిగంగ జలవిద్యుత్ కేంద్రం తుడిచిపెట్టుకుపోయింది, 200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు.

ప్రశ్న: ఇదంతా భూతాపం పనేనా? (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఫలానా కొండ ఫలానా రోజు పడటానికి అదే కారణమని చెప్పలేం. అలాంటివి పెరగడానికి దారి ఎలా పడుతుందో మాత్రం చెప్పగలం. బాగా ఎత్తున రాతి పగుళ్లలోని నీరు ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది. వరసగా రెండేళ్లు సున్నా డిగ్రీలు దాటని నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. పగుళ్లలోని ఆ మంచే బండల్ని అతికి పట్టుకున్న జిగురు. చాలామంది పొరబడేది ఇక్కడే: జిగురు ఊడాలంటే మంచు కరగనక్కర్లేదు. మైనస్ 5 నుంచి మైనస్ 1కి వచ్చినా మెత్తబడి పట్టు తగ్గుతుంది.

ఇంకోటి, రాతిలోకి వేడి నత్తనడకన దిగుతుంది. ఎండాకాలపు వేడి 10 మీటర్ల లోతుకు చేరేసరికి ఇంచుమించు ఆరు నెలలు. దశాబ్దాల వేడి పదుల మీటర్ల లోతుకు పాకుతుంది. అందుకే బయట గడ్డకట్టే చలి ఉంది కదా, కొండ భద్రమే అనుకోవడానికి లేదు.

దీనికి వాన తోడు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టగలదు. ఒకప్పుడు మంచు కురిసిన ఎత్తుల్లో ఇప్పుడు వాన పడుతోంది. మంచైతే నిలిచి మెల్లగా కరుగుతుంది. వాన అప్పటికప్పుడే హిమానీనదాలు వదిలిపోయిన వదులు రాళ్లమట్టిలోకి దిగుతుంది.

అలాగని ప్రతి పగులునూ భూతాపం ఖాతాలో రాయకూడదు. 2023లో ఇళ్లు బీటలువారిన ఉత్తరాఖండ్ జోషీమఠ్ పాత కొండచరియల శిథిలాల మీద ఉన్న ఊరు. అక్కడ పెద్ద కట్టడాలు వద్దని 1976లోనే ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ చెప్పింది. రోడ్డు కోసం వాలు అడుగును నిలువునా కోసేస్తే ఏ వాతావరణంలోనైనా కొండ జారుతుంది.

ప్రశ్న: ముందే పసిగట్టలేమా?

జవాబు: కొన్నిసార్లు పసిగట్టగలం. స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ ఊరి మీద 2025 మే 28న రాళ్ల బరువుకు బిర్చ్ హిమానీనదం కూలిపడింది. పై కొండ కదలికలు గమనించి మే 19నే దాదాపు 300 మందిని ఖాళీ చేయించారు. ఊరు పోయింది, జనం దక్కారు. ప్రాణం కోల్పోయింది ఒక్కరే. ప్రతిసారీ అలా కుదరదు. సిక్కింలో 2023 అక్టోబరు 3 రాత్రి దక్షిణ లోనాక్ సరస్సులోకి పక్కనున్న గడ్డకట్టిన రాళ్లమట్టి గట్టు కూలితే, లేచిన అల సరస్సు కట్టను తెంచింది. చుంగ్‌థాంగ్ దగ్గరి తీస్తా-3 ఆనకట్ట కొట్టుకుపోయింది.

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2023లో దేశపు కొండచరియల అట్లాస్ వెలువరించింది. అందులో ముప్పు వరసలో మొదటి జిల్లా రుద్రప్రయాగ. కేదార్‌నాథ్ ఉన్నది అక్కడే.

ప్రశ్న: అమ్మానాన్నలను చార్‌ధామ్‌కు తీసుకెళ్లాలి. ఎప్పుడు, ఏం చూసుకోవాలి?

జవాబు: జులై, ఆగస్టు వద్దు. మే లేదా సెప్టెంబరు చివర, అక్టోబరు మేలు. తిరుగు టికెట్టుకు ముందు కనీసం రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. దారి మూసుకుంటే తొందరపాటు నిర్ణయాలు పుట్టేది ఆ టికెట్టు వల్లే. రోడ్డు మీద కొత్తగా రాలిన చిన్న రాళ్లు కనిపిస్తే ఫొటోల కోసం బండి ఆపించకండి. ఒకదాని వెంట ఇంకోటి పడుతుంది. వాగు ఒడ్డున బస వద్దు. వాన పడుతున్నా వాగులో నీరు ఉన్నట్టుండి తగ్గితే సంబరపడకండి, ఎగువన ఎక్కడో అడ్డుకట్ట పడిందన్నమాట. అది తెగేలోపు కదలాలి. నీరు హఠాత్తుగా చిక్కటి బురదరంగుకు మారినా అంతే. పరుగెత్తాల్సి వస్తే లోయ వెంబడి కిందికి కాదు, పక్కకు, పైకి. సామాను వదిలేయండి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ముందు ఎక్కించండి.