ముంబైలో పైలట్ ఉద్యోగం: ఇల్లు కొనడానికి నాన్నగారి పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది తెనాలి. వయసు 29. ముంబై బేస్‌గా (డ్యూటీలు మొదలయ్యే స్థావరం) ఒక విమానయాన సంస్థలో ఎయిర్‌బస్ ఏ320 ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా పనిచేస్తున్నాను. ఏడాదికి జీతం 36 లక్షలు; మూల వేతనం నెలకు 90,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 45,000. కొత్త పన్ను విధానంలో ఉన్నాను. కోతలు పోను సగటున నెలకు 2,35,000 చేతికి వస్తుంది. అందులో 1,70,000 ఖాయం, మిగతాది ఎగిరిన గంటలను బట్టి మారుతుంది. శిక్షణకు తీసుకున్న విద్యారుణం ఇంకా 58 లక్షలు ఉంది. ఫ్లోటింగ్ వడ్డీ 11.25 శాతం, ఈఎంఐ 80,700, ఇంకా పదేళ్లు. తెనాలిలో మా ఇల్లు దానికి తనఖాలో ఉంది. మరోల్‌లో రెండు పడక గదుల ఇంటికి 62,000 అద్దె కడుతున్నాను. రెండు నెలల్లో ఒప్పందం ముగుస్తుంది, యజమాని 8 శాతం పెంచుతానంటున్నారు. నా భార్య హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. జీతం 95,000, గచ్చిబౌలిలో ఇంటి అద్దె 24,000. మా దగ్గర 14 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఇదే వీధిలో ఇలాంటి ఫ్లాటే 2 కోట్ల 10 లక్షలకు అమ్మకానికి వచ్చింది. నాన్నగారు 70 సెంట్ల పొలం అమ్మి 50 లక్షలు ఇస్తానంటున్నారు. ఆదివారంలోగా లక్ష రూపాయల టోకెన్ ఇవ్వమని ఏజెంటు తొందరపెడుతున్నాడు. నవీ ముంబైలో కొత్త విమానాశ్రయం వచ్చింది కాబట్టి దాని దగ్గరున్న ఉల్వేలో కొనమని కొందరు సహోద్యోగులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ఇప్పుడు కొనవద్దు. పొలం డబ్బుతో అసలే కొనవద్దు. ముంబైలో మీరు ఎప్పటికీ ఇల్లు కొనకూడదని నేను అనడం లేదు. అందుకు తగిన సమయం ఎప్పుడో కూడా చెబుతాను. ముందుగా ఏజెంటు మీకు చూపించని లెక్క చూద్దాం.

ఇంటి విలువ 75 లక్షలు దాటితే అందులో 75 శాతానికి మించి బ్యాంకులు గృహరుణం ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే 2 కోట్ల 10 లక్షల ఫ్లాటుకు మీ చేతి నుంచి 52.5 లక్షలు పెట్టాలి. ముంబైలో స్టాంపు డ్యూటీ, మెట్రో సెస్సు కలిపి 6 శాతం, అంటే 12.6 లక్షలు, దానికి రిజిస్ట్రేషన్ రుసుము 30,000 తోడవుతుంది. ఈ రెండింటికీ బ్యాంకు అప్పు ఇవ్వదు. ఏజెంటు కమీషను, సొసైటీ బదిలీ రుసుము, కాస్త వడ్రంగం పని కూడా లెక్కవేస్తే తాళం చేతికి వచ్చేసరికి 70 లక్షలు ఖర్చవుతాయి. నాన్నగారి 50 లక్షలకు మీ 14 లక్షల డిపాజిట్ మొత్తం కలిపినా ఇంకా 6 లక్షలు తక్కువ పడతాయి. మిగిలిన 1 కోటి 57.5 లక్షల రుణానికి 8 శాతం వడ్డీతో, 20 ఏళ్ల గడువుతో ఈఎంఐ సుమారు 1,31,700 అవుతుంది. ఇప్పుడున్న 80,700 కలిపితే నెలకు 2,12,400. సగటు నెలలో మీ చేతికి వచ్చే 2,35,000లో 22,600 మిగులుతుంది. రోస్టరు (డ్యూటీల పట్టిక) పలచగా ఉన్న నెలలో, అంటే 1,70,000 మాత్రమే వచ్చినప్పుడు, 42,400 లోటు పడుతుంది. తిండి, కరెంటు, హైదరాబాద్ ప్రయాణాలు ఈ లెక్కలో లేవు. సహ దరఖాస్తుదారుగా మీ శ్రీమతి జీతం చూపిస్తే ఏదో ఒక బ్యాంకు రుణం ఇవ్వవచ్చు, కానీ బ్యాంకు ఇవ్వగలగడం వేరు, మీరు మోయగలగడం వేరు.

ఇదే ఇంటికి మీరిప్పుడు ఏడాదికి 7,44,000 అద్దె కడుతున్నారు, అంటే ఇంటి ధరలో దాదాపు మూడున్నర శాతం. కొంటే మొదటి ఏడాది వడ్డీయే 12 లక్షలు దాటుతుంది. ‘అద్దె వృథా పోతుంది’ అనే మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది గానీ, ఏడాదికి 12 లక్షల వడ్డీ వృథా పోతుందని ఎవరూ అనరు. పైగా సొంతంగా నివసించే ఇంటికి పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల వడ్డీకే మినహాయింపు ఉంటుంది, కొత్త విధానంలో అదీ ఉండదు.

పైలట్ల విషయంలో నేను మొదటినుంచీ ఒక నియమం పాటిస్తున్నాను. నెలవారీ బాధ్యతలు ఏవైనా ఖాయమైన జీతాన్నే ఆధారం చేసుకోవాలి. ఎగిరిన గంటల మీద వచ్చే డబ్బును అదనపు ఆదాయంగానే చూడాలి. ఈ రంగం చరిత్ర తెలిసినవారికి ఇది అతిజాగ్రత్తగా అనిపించదు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ తన విమానాలను నిలిపివేసింది. 2020 మార్చి 25 నుంచి మే 25 వరకు దేశీయ ప్రయాణికుల విమానాలన్నీ నేల మీదే ఉన్నాయి. 2023 మే నెల మొదట్లో గో ఫస్ట్ ఆగిపోయింది. విమానాలు ఆగినప్పుడు జీతాలు తగ్గాయి లేదా ఆగాయి, అప్పుల మీద వడ్డీ మాత్రం ఆగలేదు. మరో సంస్థలోకి మారదామన్నా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ఫస్ట్ ఆఫీసరు 6 నెలలు, కెప్టెన్ 12 నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇవన్నీ సంస్థకు సంబంధించినవి. మీ శరీరానికి సంబంధించినది మరొకటి ఉంది: ఏటా జరిగే క్లాస్ 1 వైద్య పరీక్షలో ఈసీజీ కాగితం మీద ఒక చిన్న తేడా కనిపిస్తే, అది సర్దుకునేదాకా మీరు కాక్‌పిట్‌లో కూర్చోలేరు.

అందుకే నాన్నగారి పొలం విషయంలో నేను కాస్త గట్టిగా చెప్పదలచుకున్నాను. తెనాలి ఇల్లు ఇప్పటికే మీ శిక్షణ రుణానికి తనఖాలో ఉంది. పొలం కూడా అమ్మితే మీ తల్లిదండ్రులకున్న రెండు ఆధారాలూ మీ వైద్య ధ్రువపత్రం మీదే ఆధారపడతాయి. ఆ 70 సెంట్ల మీద వచ్చే కౌలు మీకు చిన్న మొత్తంగా కనిపించవచ్చు. కానీ మీ జీతంతో సంబంధం లేకుండా ఆ ఇంటికి వచ్చే ఆదాయం అదొక్కటే అయి ఉండవచ్చు. ఆయన ప్రేమతో ఇస్తానన్నారు, ఆ మాటను గౌరవించాలి. అయితే గౌరవించడమంటే తీసుకోవడమే కానక్కర్లేదు.

ఇక అద్దె. రాత్రి రెండింటికి పికప్ క్యాబు వచ్చే ఉద్యోగంలో, వసాయిలోనో కల్యాణ్‌లోనో తక్కువ అద్దె దొరుకుతుందని అంత దూరం వెళ్లమని నేను సలహా ఇవ్వను. మిగిలే డబ్బుకు బదులుగా మీరు నిద్రను ఇస్తారు, మీ వృత్తిలో నిద్ర కూడా పనిముట్టే. నా దగ్గరకు వచ్చే ఒక కెప్టెన్ గారి ఇంటికి ఆ మధ్య వెళ్లాను. పడకగది కిటికీ అద్దాలకు నల్లని చార్టు కాగితం అంచు కూడా కనబడకుండా అతికించి ఉంది, ఫ్రిజ్ తలుపు మీద రోస్టరు, గుమ్మం పక్కన సర్దిన పెట్టె. ఇంత ఏర్పాటు చేసుకున్నా ఆయన ఆ ఇల్లు ఖాళీ చేయాలనుకుంటున్నారు, ఎందుకంటే పక్క భవనాన్ని పునర్నిర్మాణం కోసం కూలగొడుతున్నారు, ఉదయం తొమ్మిది నుంచి డ్రిల్లింగ్ మోత. ముంబైలో పాత సొసైటీలు చాలావరకు ఏదో ఒకనాడు ఈ దారి పట్టేవే. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు గదుల కొలతలతో పాటు పక్క సొసైటీ పునర్నిర్మాణం ఏ దశలో ఉందో కాపలాదారును అడగండి. ఏజెంటు చెప్పడు, కాపలాదారు చెబుతాడు.

మరోల్ మంచి చోటే. మెట్రో ఉంది, విమానాశ్రయం దగ్గర. అయితే నెలలో సగం రాత్రులు బయట గడిపే ఒక్క మనిషికి రెండు పడక గదులు ఎందుకు? ఆ చుట్టుపక్కలే ఒక పడక గది ఇల్లు 44,000 లోపు దొరికేలా ఇప్పటినుంచే వెతకండి. ఇప్పటి అద్దెతో పోలిస్తే నెలకు 18,000 మిగులుతుంది. యజమాని అడుగుతున్న పెంపుతో పోలిస్తే దాదాపు 23,000. మరో పైలట్‌తో కలిసి ఉంటే ఇంకా మిగులుతుంది గానీ, ఇద్దరి రోస్టర్లు వేర్వేరు వేళల్లో ఉంటే ఒకరి అలారం మరొకరి నిద్ర చెడగొడుతుంది. పైగా మీ శ్రీమతి వస్తూపోతూ ఉంటారు కాబట్టి నేను ఆ సలహా ఇవ్వడం లేదు. లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం (ముంబైలో మామూలుగా రాసుకునే అద్దె ఒప్పందం) 11 నెలలకే అయినా మహారాష్ట్రలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సంస్థ మీ బేస్ మార్చితే ఒక నెల నోటీసుతో ఖాళీ చేసే వెసులుబాటు ఉండాలని, లాక్-ఇన్ వ్యవధి (ఖాళీ చేయడానికి వీల్లేని కనీస కాలం) పెట్టవద్దని అందులో రాయించుకోండి. ఇంకొక విషయం, మీరు నెలకు 50,000కు మించి అద్దె కడుతున్నారు కాబట్టి 2 శాతం టీడీఎస్ (యజమానికి చెల్లించే ముందే కోసే పన్ను) కోసి ప్రభుత్వానికి జమ చేయాల్సిన బాధ్యత మీదే. యజమాని ప్రవాస భారతీయుడైతే కోత రేటు వేరు. ఇంతవరకు చేయకపోతే వెంటనే ఒక ఆడిటరును కలవండి.

కొత్త పన్ను విధానంలో ఉన్నానని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. చాలామందికి అదే లాభం, మీకు మాత్రం కాదు. పాత విధానంలో విద్యారుణం వడ్డీ మొత్తానికి, గరిష్ఠ పరిమితి లేకుండా, చెల్లింపు మొదలైన ఏడాది నుంచి 8 ఏళ్లపాటు మినహాయింపు ఉంటుంది. మీ వడ్డీ ఈ ఏడాది 6.4 లక్షలకు దగ్గరగా ఉంటుంది. 44,000 అద్దె ఇంట్లో ఉంటే, అద్దెలోంచి మూల వేతనంలో పదో వంతు తీసివేయగా నెలకు 35,000 చొప్పున ఏడాదికి 4.2 లక్షల హెచ్‌ఆర్‌ఏ మీద పన్ను పడదు. భవిష్యనిధి వంటి పొదుపుల కింద 1.5 లక్షలు, ప్రామాణిక తగ్గింపు 50,000 కలిపితే మొత్తం 12.6 లక్షలు. నా లెక్క ప్రకారం కొత్త విధానంతో పోలిస్తే ఏడాదికి సుమారు 1,28,000 పన్ను తగ్గుతుంది. మీ రుణ పత్రాలు విద్యారుణం పేరుతోనే ఉన్నాయా, మీ శిక్షణ సంస్థ ఈ మినహాయింపుకు అర్హమైనదేనా అన్న రెండు అంశాలను ఆడిటరుకు చూపించి నిర్ధారించుకోండి. జీతం మాత్రమే ఆదాయంగా ఉన్నవారు రిటర్ను దాఖలు చేసేటప్పుడు ఏటా విధానం ఎంచుకోవచ్చు.

ఈ డబ్బంతా శిక్షణ రుణానికే వెళ్లాలి. ఇప్పుడు మీరు కట్టే 80,700లో 54,000 పైచిలుకు వడ్డీకే పోతోంది. అద్దెలో తగ్గిన 18,000, పన్నులో నెలకు సుమారు 10,600, ఎగిరిన గంటల డబ్బులోంచి మరో 6,400 కలిపితే 35,000 అవుతుంది. ప్రతి నెలా ఇది అదనంగా కడితే పదేళ్ల రుణం 5 సంవత్సరాల 8 నెలల్లో తీరుతుంది, వడ్డీలో దాదాపు 18 లక్షలు మిగులుతాయి. మీది ఫ్లోటింగ్ వడ్డీ కాబట్టి ముందస్తు చెల్లింపుకు బ్యాంకు రుసుము వేయకూడదు; అయితే అదనపు మొత్తాన్ని అసలులో జమ చేయమని, ఈఎంఐ తగ్గించకుండా గడువు తగ్గించమని లిఖితపూర్వకంగా కోరండి. లేకపోతే కొన్ని శాఖల్లో ఆ డబ్బును వచ్చే నెలల వాయిదాల కింద సర్దేస్తారు. మీ శ్రీమతి జీతాన్ని ఈ లెక్కలోకి నేను కావాలనే తీసుకురాలేదు. అది గచ్చిబౌలి ఇంటికి, మీ ఇద్దరి పేరున క్రమంగా పెరిగే మ్యూచువల్ ఫండ్ పొదుపుకు ఉండనివ్వండి.

14 లక్షల డిపాజిట్‌ను కదపవద్దు. ఈఎంఐ, కొత్త అద్దె, ఇంటి ఖర్చుకు 40,000 వేసుకుంటే మీకు నెలకు 1,65,000 అవసరం. అంటే ఆ డబ్బు ఎనిమిదిన్నర నెలలు నిలుస్తుంది, పైలట్‌కు అది అవసరమైనంతే. మీ సంస్థ ఇచ్చే లైసెన్సు నష్ట బీమా (వైద్య కారణాలతో ఎగరలేకపోతే డబ్బు ఇచ్చేది) పత్రాన్ని ఈ వారమే చదవండి. శాశ్వత అనర్హతకు ఎంత ఇస్తారు, తాత్కాలిక అనర్హతకు ఎన్ని నెలల తర్వాత ఇస్తారు, మానసిక ఆరోగ్య కారణాలను మినహాయించారా అన్నవి చూసుకోండి. టర్మ్ పాలసీ మరణానికే వర్తిస్తుంది, ఎగరలేకపోవడానికి కాదు.

ఉల్వే గురించి ఎక్కువ చెప్పను. నవీ ముంబై విమానాశ్రయం నుంచి 2025 డిసెంబరు 25న వాణిజ్య విమానాలు మొదలయ్యాయి; ఆ సంగతి అక్కడ అమ్మేవారికి మీకంటే చాలా ముందే తెలుసు, అడిగే ధరలో అది కలిసే ఉంటుంది. మీ సంస్థ మిమ్మల్ని అక్కడికి పంపితే అప్పుడు అక్కడే అద్దెకు తీసుకోండి.

నేను చూసినంతలో మీ అసలు ఖర్చు మరోల్ ధరలు కాదు, రెండు నగరాల్లో రెండు కాపురాలు. హైదరాబాద్ బేస్‌కు బదిలీ దరఖాస్తు పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టకపోతే పెట్టండి, సీనియారిటీ వరుసలో మీ వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు గానీ, దరఖాస్తు లేనిదే ఆ వరుసలో మీరు ఉండరు. బదిలీ వస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలి నుంచి శంషాబాద్ చేరుకోవచ్చు, ఒక అద్దె పూర్తిగా తగ్గుతుంది. రాకపోతే మరో మార్గం: మీ శ్రీమతి సంస్థకు ముంబైలో గానీ పుణెలో గానీ కార్యాలయం ఉంటే అడిగి చూడటం.

కొనడానికి తగిన సమయం అంటే నా ఉద్దేశంలో ఇది: మీరు కెప్టెన్ అయి ఉండాలి, శిక్షణ రుణం 15 లక్షల లోపుకు దిగి తెనాలి ఇంటి పత్రాలు తిరిగి వచ్చే రోజు కనుచూపు మేరలో ఉండాలి, మీరిద్దరూ ఒకే నగరంలో కనీసం రెండేళ్లు కాపురం చేసి ఉండాలి, అన్ని ఈఎంఐలు కలిపి మీ ఖాయమైన జీతంలో 40 శాతం దాటకూడదు. అప్పటికి మరోల్‌లో ధర పెరిగి ఉండవచ్చు. ఆ పెరుగుదల కోసం ఇప్పుడు మీరు పెట్టాల్సిన పణం ఎక్కువని నా అభిప్రాయం.

టోకెన్ ఇవ్వవద్దు. తిరిగి ఇచ్చే షరతు రాతపూర్వకంగా లేనప్పుడు ఆ లక్ష కోసం తర్వాత మీరే తిరగాల్సి వస్తుంది. శనివారం మీకు ఫ్లైటు లేకపోతే ఏజెంటుకు ఫోను చేసి కొనడం లేదని చెప్పండి, అదే ఫోనులో ఒక పడక గది ఇల్లు అద్దెకు కావాలని కూడా చెప్పండి. ఆ పని కూడా అతను చేస్తాడు, కమీషను ఒక నెల అద్దెకు మించకుండా మాట్లాడుకోండి.